బాపు యాదిలో కృతజ్ఞతా కూడిక: ఎట్ల జరిపితే బాగుంటది?

పరకాల బిడ్డ:

అందరికీ వందనాలు. మా బాపు పోయిన ఆదివారం ప్రభువు పిలుపు అందుకున్నారు. 79 ఏళ్లు. రిటైర్డ్ టీచరు, బాప్టిస్టు సంఘంలో డీకన్ (సంఘ పనులు చూసే పరిచారకుడు). భూస్థాపన తెల్లారే అయిపోయింది. దూరాన ఉన్న చుట్టాలు, ఆయన దగ్గర చదువుకున్నోళ్లు చాలామంది అందుకోలేకపోయారు. అందుకే పరకాలలోనే చర్చి ఆవరణలో ఒక కూడిక పెట్టాలనుకుంటున్నాం. ఏడ్చి లేచిపోయే కూడిక వద్దు. బాపు బతికిన తీరును యాది చేసుకుని దేవునికి కృతజ్ఞత చెప్పే కూడిక కావాలి.

250 మంది వస్తరని అంచనా. అందులో సగం మంది హిందూ బంధువులు, తోటి టీచర్లు. ఏ రోజు పెట్టాలె, ఎంతసేపు నడపాలె, కార్డులో ఏం రాయాలె, జీవిత పరిచయం ఎవరు ఎట్ల రాయాలె, ఫొటోకు దండ వేయొచ్చా, భోజనాల లెక్క ఎట్ల, సమాధి ఎప్పుడు కట్టించాలె. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు. ఈ పనులు దగ్గరుండి చూసుకున్నోళ్లు చెప్పండి.

సంఘ కార్యదర్శి, హన్మకొండ:

అక్కా, ప్రభువు మీ ఇంటివారందరినీ ఆదరించును గాక.

ముందు రోజు సంగతి. ఇన్నో రోజునే చేయాలన్న నియమం బైబిల్లో లేదు. యాకోబు కోసం యోసేపు 7 రోజులు ప్రలాపించాడు (ఆదికాండము 50:10), అహరోను కోసం, మోషే కోసం ఇశ్రాయేలీయులు 30 రోజులు ఏడ్చారు (సంఖ్యాకాండము 20:29, ద్వితీయోపదేశకాండము 34:8). కాబట్టి మనుషుల వీలు చూసుకోండి. మీకు హిందూ బంధువులు సగం మంది అంటున్నారు. పాలివాళ్లు పదకొండో రోజుదాకా మైల పాటిస్తే అప్పటిదాకా బయట భోజనానికి కూర్చోరు. 12వ రోజు దాటాక వచ్చే శనివారం పెడితే వాళ్లూ నిమ్మళంగా వస్తారు. ఆదివారం వద్దు. పాస్టర్లందరికీ ఎవరి ఆరాధన వాళ్లకు ఉంటుంది, ఒంటిగంటకు గానీ రాలేరు, వచ్చేసరికి జనం ఆకలి మీద ఉంటారు. పెండ్లి ముహూర్తాలు గట్టిగా ఉన్న శనివారమైతే టెంటు, వంటవాళ్లు, సౌండు ఏదీ చెప్పిన టైముకు రాదు. పంచాంగం మన పూజకు కాకపోయినా టెంట్ హౌస్ కోసం ఒకసారి చూడండి.

సమయం 10.30 అని కార్డులో వేయండి. 10.50కి మొదలవుతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి. 12.30కి ఆశీర్వాదం అయిపోవాలి. మధ్యలో వంద నిమిషాలు. ప్రారంభ పాట, ప్రార్థన కలిపి 10, మనుమడో మనుమరాలో వాక్యం చదివితే 5, జీవిత పరిచయం 8, పాట 6, సాక్ష్యాలకు (బాపు గురించి తెలిసినవాళ్లు చెప్పే మాటలకు) 25, క్వైరు (పాటల బృందం) పాట 5, వర్తమానం (పాస్టరుగారి వాక్య ప్రసంగం) 20, కుటుంబం తరఫున కృతజ్ఞతలు 4, కుటుంబం కోసం ప్రార్థన, ఆశీర్వాదం కలిపి 8. ఇంకో తొమ్మిది నిమిషాలు మిగలాలి. అవి మిగలకుండా పోయేది ఒక్కచోటే, సాక్ష్యాల దగ్గర.

సాక్ష్యానికి ఐదుగురు చాలు, మనిషికి 3 నిమిషాలు. తోటి టీచరు ఒకరు, సంఘ పెద్ద ఒకరు, ఇరుగుపొరుగు నుంచి క్రైస్తవులు కానివారు ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు, కన్నబిడ్డల్లో ఒకరు. పేర్లు రెండు రోజుల ముందే ఖాయం చేసి, ఎవరు ఏ విషయం మాట్లాడాలో పంచండి. లేకుంటే ఐదుగురూ "చాలా మంచివారు, అందరితో కలిసిపోయేవారు" అనే కూర్చుంటారు. తోటి టీచరును బడి గురించి అడగండి, పక్కింటివారిని ఇంటి ముందు అరుగు గురించి అడగండి. "ఇంకెవరైనా మాట్లాడతారా" అని వేదిక మీదినుంచి మాత్రం అడగొద్దు. ఆ మాట అన్నారంటే గంట పోయినట్టే. మిగతావాళ్ల కోసం గేటు దగ్గర బల్ల మీద 200 పేజీల గీతల పుస్తకం ఒకటి, నాలుగు పెన్నులు పెట్టండి. రాయాలనుకున్నవాళ్లు రాస్తారు, అది మీ ఇంట్లో ఉండిపోతుంది.

మైకు చేతికి ఇవ్వకండి, స్టాండుకే బిగించి ఉంచండి. చేతిలో మైకు ఉంటే మనిషి నడుస్తాడు, నడిస్తే మాట సాగుతుంది, స్పీకరు ముందుకు వెళ్తే కుయ్యిమంటుంది. స్పీకర్లు ఎప్పుడూ మైకు కంటే ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. 250 మందికి రెండు పెట్టెలు, ఒక స్టాండు మైకు, క్వైరుకు రెండు మైకులు, పాస్టరుగారికి ఒక కార్డ్‌లెస్. కార్డ్‌లెస్‌కు కొత్త సెల్లులు, జేబులో ఇంకో జత.

పిలవకుండానే పది మంది దైవసేవకులు వస్తారు. అది మీ బాపు మీద గౌరవం, వారిని చిన్నబుచ్చొద్దు. ఒకరికి వాక్య పఠనం, ఒకరికి ప్రారంభ ప్రార్థన, ఒకరికి భోజనాల ప్రార్థన, ఒకరికి ఆశీర్వాదం, ఇట్లా పని పంచండి. వర్తమానం ఒక్కరిదే. సేవకులకు ఇచ్చే కవరు, శాలువా వేదిక మీద కాకుండా తర్వాత పక్క గదిలో ఇస్తే పావుగంట మిగులుతుంది, చూసేవాళ్లకూ బాగుంటుంది.

వాక్యభాగం మీరే అడగొచ్చు. అందరూ 2 తిమోతి 4:7, 8 తీసుకుంటారు, తప్పేం లేదు. అయితే మీ బాపు టీచరు కదా, దానియేలు 12:3 చూడండి. డీకన్‌గా చేసిన సేవకు 1 తిమోతి 3:13 ఉంది. కీర్తనల్లో 90, 112, 128 తండ్రి యాదికి బాగా అతుకుతాయి.

పాటల్లో పాత కీర్తనలకు చరణాలు ఎక్కువ. మూడు చరణాలు ఎంచి వాటినే కాగితంలో వేయండి. దుఃఖంలో గొంతు పైకి లేవదు, కీబోర్డు వాయించే తమ్ముడికి మామూలు శ్రుతి కంటే ఒక మెట్టు కింద ఎత్తుకోమని చెప్పండి. లయ జారకుండా తబలా గానీ కంజీర గానీ ఉండాలి, లేకుంటే పాట ఈడ్చుకుపోతుంది.

బడిపంతులు, నర్సంపేట:

జీవిత పరిచయం గురించి రాస్తాను. కూడికలో అన్నింటికంటే తక్కువ శ్రద్ధ దీని మీదే పెడతారు. ముందురోజు రాత్రి ఎవరో ఒకరు కూర్చుని పుట్టుక, చదువు, ఉద్యోగం, పెండ్లి, పిల్లలు, అల్లుళ్ల పేర్లు వరసగా రాసేస్తారు. చదువుతుంటే రేషన్ కార్డు చదివినట్టు ఉంటుంది.

ఏ4 కాగితం మీద 14 సైజులో రెండున్నర పేజీలు, ఎనిమిది నిమిషాల్లో నిదానంగా చదవొచ్చు. మూడో పేజీ దాటనివ్వకండి. కన్నబిడ్డలు చదవొద్దు, మధ్యలో గొంతు పూడుకుపోతుంది. రాసింది మీరే అయినా చదవడానికి మేనల్లుడో మేనకోడలో, స్పష్టంగా చదివే ఎవరో ఒకరు ఉండాలి. రెండో కాపీ వ్యాఖ్యాత దగ్గర ఉంచండి.

తేదీలు జ్ఞాపకం మీద వేయకండి, కాగితాలు తీయండి. టీచరు కాబట్టి సర్వీస్ రిజిస్టర్ నకలు ఉంటే ఏ బడిలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చేశారో అంతా దాంట్లో ఉంటుంది. పెన్షన్ పేమెంట్ ఆర్డర్‌లో రిటైరైన తేదీ ఉంటుంది. పుట్టిన తేదీ దగ్గర జాగ్రత్త. ఆ తరం వాళ్లలో చాలామందికి బడిలో చేర్చేటప్పుడు పంతులు వేసిన తేదీయే కాగితాల్లో ఉంది. ఇంట్లో చెప్పే తేదీ వేరైతే కాగితం తేదీయే వాడండి, ఎందుకంటే రేపు సమాధి రాయి మీద, మరణ ధ్రువపత్రం మీద ఒకటే ఉండాలి. బాప్టిస్టుల్లో బాప్తిస్మం ఊహ తెలిసి విశ్వాసం ఒప్పుకున్నాకే కాబట్టి సంఘం రిజిస్టర్‌లో బాప్తిస్మం తేదీ దొరుకుతుంది గానీ పుట్టిన తేదీ దొరకకపోవచ్చు. మీ తాతల వైపు ఎవరైనా డోర్నకల్ సంఘాల నుంచి వచ్చినవారైతే, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. అంతకుముందు అక్కడివి ఆంగ్లికన్ సంఘాలు. పాత పుస్తకాలు ఆ పేరుతోనే అడగాలి.

ఇంకో తప్పు తరచుగా కనబడుతుంది. "1970లో ఫలానా మండలంలో ఉద్యోగంలో చేరారు" అని రాస్తారు. 1985కు ముందు మండలాలు లేవు, తాలూకాలు, పంచాయతీ సమితులు ఉండేవి. జిల్లా పేరు కూడా అంతే. 2016 అక్టోబరు దాకా అదంతా ఒకే వరంగల్ జిల్లా, పరకాల ఇప్పుడు హన్మకొండ జిల్లా. "అప్పటి వరంగల్ జిల్లా, పరకాల తాలూకా" అని రాస్తే పాత టీచర్లు తలూపుతారు.

తేదీలు మొదటి అర పేజీలోనే అయిపోవాలి. మిగతా రెండు పేజీలు ఆయన చేసే పనుల గురించి ఉండాలి. గుణం పేరు రాయకండి, ఆ గుణం కనబడే పని రాయండి. క్రమశిక్షణ గలవారు అంటే ఎవరికీ ఏమీ కనబడదు. పొద్దున ఎన్ని గంటలకు లేచేవారు, బైబిలు ఎక్కడ కూర్చుని చదివేవారు, బడికి సైకిలు మీద ఎంతదూరం పోయేవారు, ఫీజు కట్టలేని పిల్లలకు ఏం చేసేవారు, చర్చి లెక్కల పుస్తకం ఎట్లా రాసేవారు, ఏ పాట ఎక్కువ పాడుకునేవారు, కోపం వస్తే ఏం చేసేవారు. ఇలాంటివి ఇంట్లో ఒక్కొక్కరిని విడిగా అడిగి 20 రాసుకోండి, అందులో 7 వాడండి. అందరూ కలిసి కూర్చుంటే పెద్దన్న చెప్పిందే అందరూ చెప్తారు, అందుకే విడిగా అడగమంటున్నా. లేని గొప్పలు ఒక్కటి కూడా వద్దు. ఎదుట కూర్చున్నవాళ్లలో సగం మంది ఆయనతో నలభై ఏళ్లు గడిపినవాళ్లు.

ఇంకో మాట, సందర్భం కాకపోయినా చెప్పాలి. మరణ నమోదు 21 రోజుల్లో అయిపోవాలి. దాటితే ఆలస్య రుసుము, 30 రోజులు దాటితే పై అధికారి రాతపూర్వక అనుమతి. అమ్మకు కుటుంబ పింఛను రావాలంటే ట్రెజరీలో ఆ ధ్రువపత్రమే మొదట అడుగుతారు. కూడిక హడావిడిలో ఇది వెనక్కి పోనీయకండి.

అక్షరం డీటీపీ, వరంగల్:

కార్డు, కరపత్రం పని గురించి.

మాటల ఎంపిక ముందు. "స్వర్గీయ", "ఆత్మకు శాంతి కలగాలని", "దశదిన కర్మ" లాంటివి మా దగ్గర రెడీగా ఉండే మ్యాటర్‌లో ఉంటాయి, ఆపరేటరు అలవాటుగా అదే పెట్టేస్తాడు. మీ సంఘాల్లో వాడే మాటలు వేరు. "ప్రభువునందు నిద్రించిన", "ప్రభువు పిలుపు అందుకున్న" అని వేయించండి. మొదటిది ఎక్కువమంది వాడతారు. కార్యక్రమం పేరు "జ్ఞాపకార్థ కృతజ్ఞతా కూడిక" అంటే హిందూ బంధువులకూ అర్థమవుతుంది. ఊరికే "కృతజ్ఞతా కూడిక" అంటే కొందరు పుట్టినరోజో ఇంటి ప్రవేశమో అనుకుంటారు.

మ్యాటరు వాట్సాప్‌లో పంపితే అది యూనికోడ్‌లో ఉంటుంది. మా దగ్గర చాలా షాపుల్లో పని "అను ఫాంట్స్" అనే పాత తెలుగు ఫాంట్లలో నడుస్తుంది, అవి యూనికోడ్ కావు. నేరుగా అతికిస్తే డబ్బాలు వస్తాయి, కన్వర్టరులో వేస్తే కొన్ని వత్తులు పోతాయి, లేదంటే ఆపరేటరు మళ్లీ టైపు చేస్తాడు, అక్కడ కొత్త తప్పులు వస్తాయి. కాబట్టి ప్రూఫు మొబైల్లో చూసి సరే అనకండి, కాగితం మీద తీయించి, ఇద్దరు చదవండి, ఒకరు అసలు కాగితం చూస్తూ, ఒకరు ప్రూఫు పైకి చదువుతూ. ముఖ్యంగా చూడాల్సినవి చెప్తా. "కృతజ్ఞతా"లో జ్ఞ బదులు జ్ఙ పడుతుంది. "భూస్థాపన"లో థ వత్తు త అవుతుంది. మన పేర్లలో పొల్లు తర్వాత ఇంకో అక్షరం ఉంటే రెండూ అతుక్కుపోతాయి, "డేవిడ్‌రాజు" కాస్తా "డేవిడ్రాజు" అయిపోతుంది. వాక్యాల అధ్యాయం, వచనం అంకెలు బైబిలు తెరిచి సరిచూడండి.

కరపత్రం ఏ4 మధ్యకు మడిచి నాలుగు పేజీలు. మొదటి పేజీ ఫొటో, పేరు, తేదీలు. లోపల రెండు పేజీల్లో కార్యక్రమం, పాటలు. చివరి పేజీలో జీవిత పరిచయం సంక్షిప్తం. అక్షరం 13 కంటే తగ్గకూడదు, వచ్చేది పెద్దవాళ్లు. నిగనిగలాడే ఆర్ట్ పేపరు వద్దు, టెంటు కింద వెలుగు పడి మెరుస్తుంది, చదవలేరు. 100 జీఎస్ఎం మామూలు కాగితం చాలు. 250 మందికి 160 కాపీలు సరిపోతాయి, ఇంటికి ఒకటి తీసుకుపోతారు.

ఫొటో దగ్గరే ఎక్కువ చెడగొడతారు. గ్రూపు ఫొటోలోంచి తల కత్తిరించి 20 × 30 అంగుళాలకు సాగదీస్తే మొహం మైనం పూసినట్టు అవుతుంది. పాత ప్రింటు ఉంటే 600 డీపీఐలో స్కాన్ చేయించండి. 12 × 18 అంగుళాల ప్రింటు శుభ్రంగా రావాలంటే 3600 × 5400 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. కోటు, టై తగిలించే పని చేయించకండి. ఆయన రోజూ వేసుకున్న చొక్కాలో ఉన్న ఫొటోనే మనిషిని చూపిస్తుంది. ఫ్లెక్సీ కట్టాలంటే 6 × 4 అడుగులది ఒకటి, గేటు దగ్గర. పది కట్టాల్సిన పని లేదు.

ఫాతిమానగర్ నుంచి:

పైన డీటీపీ అన్న చెప్పినదాంట్లో ఒక సవరణ. "ఆత్మశాంతి" మాట బాప్టిస్టు, సీఎస్ఐ సంఘాల్లో వాడరు, నిజమే. క్యాథలిక్కుల్లో మృతుల ఆత్మల కోసం ప్రార్థించడం విశ్వాసంలో భాగం, పూజ పెట్టించేదే అందుకు. మాలో ఏడో రోజు, ముప్పయ్యో రోజు, సంవత్సరీకం నాడు దివ్యబలిపూజ చేయిస్తారు, నవంబరు 2న సకల మృతుల స్మరణ దినం. మీ చుట్టాల్లో క్యాథలిక్కులు ఉంటే వాళ్లు కొవ్వొత్తులతో వస్తారు. ఫొటో పక్కన ఇసుక పోసిన పళ్లెం ఒకటి పెట్టండి, వెలిగించేవాళ్లు వెలిగిస్తారు. పాస్టరుగారికి ముందే చెప్పి ఉంచితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

భోజనాల పెద్ద, జనగామ:

250 మందికి లెక్క రాసుకోండి. బగార అన్నానికి 25 కిలోల సన్న బియ్యం, తెల్లన్నానికి 9 కిలోలు. చికెన్ 45 కిలోలు, కిలోకు ఐదారుగురు లెక్క. మటన్ పెట్టాలనుకుంటే కిలోకు ఆరేడుగురు. టమాటా పప్పుకు 8 కిలోల కందిపప్పు, వంకాయ కూరకు 15 కిలోల వంకాయలు, పచ్చిపులుసు, పెరుగు 25 కిలోలు. తాగే నీళ్లకు 20 లీటర్ల డబ్బాలు 18, చేతులు కడగడానికి డ్రమ్ము వేరే.

బగారకు బియ్యం పాతవై ఉండాలె. కొత్త బియ్యమైతే ముద్ద అవుతుంది, వంటాయన మీద అరిచి లాభం లేదు. పాత బియ్యానికి గిన్నెకు ఒకటిన్నర గిన్నె నీళ్లు, అరగంట నానబెట్టాలె. 25 కిలోలు ఒకే డేగిశలో వేయొద్దు, అడుగు మాడి పైన పలుకు ఉంటది. రెండు పెట్టండి, రెండోది పావుగంట ఆగి ఎక్కించండి, అది వేడిగా రెండో బంతికి వస్తది.

మీ చుట్టాల్లో మాంసం తిననివాళ్లు ఉంటే వాళ్ల వంట ముందు చేయించి, వేరే వరసలో పెట్టించండి. గరిటెలు, వడ్డించే మనుషులు కూడా వేరే. అక్కడ "శాకాహారం" అని కాగితం అంటించండి, ఎవరూ అడిగి తెలుసుకునే అవసరం రాదు. శ్రమల దినాల్లో (ఈస్టరుకు ముందు ఉపవాస రోజులు) పడితే మొత్తం కూరగాయల భోజనమే చేయండి, చికెన్ మాట ఎత్తకండి. అన్నింటికంటే ముఖ్యం, పొయ్యి టెంటు గాలికి ఎదురుగా ఉండొద్దు. పొగ కూడికలోకి వస్తే వర్తమానం ఎవరూ వినరు.

పరకాల బిడ్డ:

అందరికీ చాలా కృతజ్ఞతలు. అన్నీ రాసుకుంటున్న. ఇంకో రెండు సంగతులు. బాపు తరఫు పెద్దమ్మలు కొందరు అమ్మకు గాజులు, మెట్టెలు తీయించే తంతు చేయాలని పట్టుపడుతున్నరు. వాళ్లను నొప్పించకుండా ఎట్ల ఆపాలె? ఫొటోకు దండ సంగతి, సమాధి సంగతి కూడా ఎవరూ చెప్పలే.

స్త్రీల సమాజం, మహబూబాబాద్:

అమ్మా, ఆ తంతు మన విశ్వాసంలో లేదు. విధవరాండ్రను ఆదరించమనే బైబిలు చెప్తుంది (యాకోబు 1:27), వాళ్లమీద గుర్తులు వేయమని ఎక్కడా లేదు. ఇది కూడిక రోజున అందరి ముందు తేలే మాట కాదు, ముందే తేలాలి. మీ అమ్మ అన్నదమ్ముల్లో పెద్దవారు, ఆయన లేకుంటే సంఘంలో పెద్దామె, ఆ పెద్దమ్మల ఇంటికి వెళ్లి చెప్పాలి. ఫోనులో వద్దు. వాదించొద్దు, "మా ఇంట్ల ఇది లేదు, బాపు కూడా ఒప్పుకునేవారు కాదు" అన్న ఒక్క మాట చాలు. పుట్టింటివారు చీర తెస్తే తీసుకోండి, అది ప్రేమతో తెచ్చేది. ఏ రంగు కట్టుకోవాలి, గాజులు ఉంచుకోవాలా అన్నది అమ్మ ఇష్టం. ఆమెను అడగండి, ఆమె తరఫున ఎవరూ జవాబు చెప్పకండి.

కూడికలో అమ్మను ముందు వరుసలో మధ్యన కూర్చోబెట్టొద్దు, అంచున కూర్చోబెట్టండి, లేచిపోవాలనిపిస్తే దారి ఉండాలి. చేతులున్న కుర్చీ, పక్కన ఇద్దరు ఆడబిడ్డలు, నీళ్ల సీసా, బీపీ మాత్ర టైముకు. వచ్చినవాళ్లంతా ఆమెను పట్టుకుని ఏడవడం మొదలుపెడితే గంటలో సొమ్మసిల్లుతుంది. భోజనాల తర్వాత నీడలో కూర్చోబెట్టి, అప్పుడు ఒక్కొక్కరుగా పలకరించమని వ్యాఖ్యాతతో ప్రకటింపజేయండి.

దండ విషయం పాస్టరును బట్టి ఉంటుంది. చాలా సంఘాల్లో ఫొటోకు దండ వేయరు, దీపం పెట్టరు, మనిషికి మొక్కినట్టు అవుతుందని. అయితే హిందూ బంధువులు దండలతోనే వస్తారు, గేటు దగ్గర వద్దనడం వాళ్లను అవమానించడమే. ఫొటోను నాలుగడుగుల ఎత్తు స్టాండు మీద పెట్టి, కింద బల్ల మీద వెడల్పు వెదురు బుట్ట ఉంచండి. ఒక పిల్లవాడు నిలబడి దండలు, పూలు నమస్కారంతో అందుకుని బుట్టలో పెడతాడు. కూడిక అయ్యాక ఆ పూలన్నీ సమాధి మీదికి తీసుకెళ్లండి, తెచ్చినవాళ్లకు ఆ మాట చెప్పండి.

ఆ బల్ల పక్కన ఇంకో బల్ల కూడా పెట్టండి. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు పేతురుకు చూపించారు (అపొస్తలుల కార్యములు 9:39). ఆమె గురించి వాళ్లు చెప్పుకున్నది ఆ బట్టలతోనే. మీ బాపు గీతలు గీసుకున్న బైబిలు, కళ్లజోడు, పాఠాలు రాసుకున్న నోటుబుక్కు, చాక్‌పీసు డబ్బా, సంఘం లెక్కల పుస్తకం, సైకిలు తాళం చెవి. పదికి మించొద్దు. ఒక్కోదాని పక్కన రెండు లైన్ల చీటీ, అది ఎప్పటిది, దేనికి వాడేవారు అని. బైబిలు మూసి కాకుండా ఆయన ఎక్కువ గీతలు గీసిన పేజీ దగ్గర తెరిచి పెట్టండి. బల్ల దగ్గర ఒక పెద్ద మనిషి ఉండాలి, పిల్లలు లాగుతారు.

రాతిపని, కరీంనగర్:

సమాధి ఇప్పుడే కట్టించకండి. తవ్విన గుంతలో పోసిన మట్టి వదులుగా ఉంటుంది, ఒక వానాకాలం పూర్తిగా తాగితేగానీ కుదురుకోదు. నెలలోపు కట్టిన సమాధులు మధ్యలో పగిలేది అందుకే. అప్పటిదాకా మట్టి దిబ్బ చుట్టూ రాళ్లు పేర్చి, చెక్క సిలువ నాటండి. నేల పైన మూడడుగులు, లోపల అడుగున్నర, లోపలి భాగానికి తారు పూస్తే చెద పట్టదు. మొదటి వాన తర్వాత దిబ్బ కుంగుతుంది, మళ్లీ మట్టి పోయండి.

ముందు శ్మశానవాటిక కమిటీని అడగాలి. కొన్నిచోట్ల ఎత్తు మీద హద్దు ఉంటుంది, కొన్నిచోట్ల కట్టడమే ఒప్పుకోరు. అమ్మకు పక్కన చోటు ఉంచాలా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి, తర్వాత దొరకదు.

కట్టడం అంచులు గుంత మీద ఆనకూడదు, గుంత బయట తవ్వని గట్టి నేల మీద ఆనాలి. గుంత 6½ × 2½ అడుగులైతే కట్టడం బయటి కొలత 8 × 4 ఉండాలి. నల్లరేగడి నేల అయితే వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది, అంచుల కింద అడుగున్నర లోతు నల్లమట్టి తీసేసి మొరం పోసి దిమ్మిస కొట్టాలి. చెల్క నేలకు అంత అక్కర్లేదు. దాని మీద 4 అంగుళాల కాంక్రీటు 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు), ఆపైన ఇటుక గోడ, పైన 4 అంగుళాల స్లాబు, 8 ఎంఎం కడ్డీలు 6 అంగుళాల దూరంలో రెండు వైపులా. పది రోజులు తడపాలి. స్లాబు బరువంతా గోడలే మోస్తాయి, లోపల మట్టి కుంగినా పైన ఏమీ కాదు.

రాయి విషయానికొస్తే, మా కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ గట్టిది, పక్కలకు అదే వేయండి. కానీ దాని మీద చుక్కలు ఉంటాయి, అక్షరాలు కలిసిపోతాయి. పేరు పలకకు మాత్రం నల్ల గ్రానైట్ తీసుకోండి, చెక్కితే అక్షరం తెల్లగా తేలుతుంది, ఫొటో లేజరు చేయించాలన్నా నలుపు మీదే వస్తుంది. పలక 2 × 3 అడుగులు. పేరు అక్షరం రెండున్నర అంగుళాలు, తేదీలు ఒకటిన్నర, వాక్యం అంగుళం. తెలుగుకు కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరసకు వరసకు మధ్య ఒకటిన్నర రెట్లు చోటు వదలాలి, లేకుంటే వత్తు కింది వరస గుడిలోకి దిగుతుంది. లోతు 2 ఎంఎం తగ్గకూడదు. నింపిన రంగు ఎండకు పోతుంది, చెక్కింది ఉంటుంది. పలకను గమ్ముతో అంటించొద్దు, స్టీలు పిన్నులు దించి బిగించాలి.

వాక్యం పొడుగ్గా పెట్టకండి. ఒక వచనం, దాని అంకె చాలు. దసరా తర్వాత నేల ఆరాక పని మొదలుపెడితే క్రిస్మస్ లోపు అవుతుంది, ఈస్టరు వేకువన సమాధుల దగ్గర కూడికకు రాయి నిలబడి ఉంటుంది. ఉలి పెట్టకముందు అక్షరాలను అదే సైజులో కాగితం మీద వేయించి అమ్మకు చూపించండి, చదివి వినిపించండి. ఆమె సరేనన్నాకే మాకు ఇవ్వండి.